నకాషీ చేతి గీత

చేర్యాల నకాషీ చిత్రకారుణ్ణి సొంత ఊహ లేని పనివాడిగా లెక్కగట్టడం అన్యాయం. ఎప్పుడూ అదే ఎర్రటి నేపథ్యం, అవే కులపురాణాలు, ఇక స్వేచ్ఛ ఎక్కడిదని అడుగుతారు. నిజమే, కథ పటం చూపిస్తూ చెప్పే కూనపులివారిదో డక్కలివారిదో. కానీ మార్కండేయ పురాణమైనా జాంబపురాణమైనా, రాత్రుళ్లు సాగే కథలో ఏ ఘట్టం పటానికెక్కాలో, ఏది కథకుడి గొంతుకు వదలాలో బొమ్మలో తేల్చేది కుంచె పట్టినవాడే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టి, దానిమీద నేరుగా కుంచెతోనే గీస్తాడు. తడబడితే దాచుకునే చోటుండదు. ఆ ధైర్యం నాకు మహా ఇష్టం.

కథకులు తగ్గాక గోడపటాలు, మాస్కులు చేయడం దిగజారుడంటారు కొందరు. నేనొప్పుకోను. పోషకుడు మారాడంతే. మూరల పటంలో పరిచిన కథను ఒక్క చట్రంలో ఇమడ్చడానికి ఇంకా ఎక్కువ నేర్పు కావాలి.