రెండవసారి వచ్చు రోగి
సైబరాబాదు ఓ.పి. వైద్యముపై ఒక విమర్శ

1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపట్ల బండరాళ్లు, పొదలు, అక్కడక్కడ పల్లెలు ఉండెడివి. నేడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములు దేశమున పేరెన్నికగన్న సాఫ్ట్‌వేరు కేంద్రములు. కార్యాలయములతో పాటు ఆసుపత్రులును, రక్తపరీక్షల లాబొరేటరీలును అచట పెరిగినవి. ఆసుపత్రిలో చేరి పడకపై చికిత్స పొందువారికంటె, ఉదయము వచ్చి చీటీ వ్రాయించుకొని, డాక్టరుకు చూపించుకొని, మందులతో ఇంటికి పోవువారి సంఖ్య అనేక రెట్లు అధికము. దీనినే ఓ.పి. వైద్యమందురు.

శస్త్రచికిత్సలు, అవయవముల మార్పిడులు పత్రికల కెక్కును. ఓ.పి. గదిలో జరుగునది ఎవరికిని వార్త కాదు. కాని రక్తపోటు, మధుమేహము, కాలేయమున క్రొవ్వు వంటి దీర్ఘవ్యాధులు అదుపులోనికి వచ్చుటయో, పదేండ్ల తరువాత గుండెపోటుగా, పక్షవాతముగా పరిణమించుటయో ఆ గదిలోనే చాలవరకు నిర్ణయమగుచున్నది. కావున ఆ వైద్యము ఎట్లు జరుగుచున్నదో, ఎట్లు జరుగవలెనో విచారించుట అవసరము.

నొప్పిలేని వ్యాధి

2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ అను పత్రికలో హైదరాబాదు ఐ.టి. ఉద్యోగులను గురించిన పరిశోధన యొకటి వెలువడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, గచ్చిబౌలిలోని ఏ.ఐ.జి. హాస్పిటల్స్ వారును కలిసి చేసిన ఈ పరిశీలనలో 345 మంది ఉద్యోగులు పాల్గొనిరి. వారిలో 84 శాతము మందికి కాలేయమున మితిమీరిన క్రొవ్వు, 71 శాతము మందికి స్థూలకాయము ఉన్నట్లు తేలినది.

కాలేయ కణములలో నూటికి ఐదింటికి మించి క్రొవ్వు చేరినచో దానిని కొవ్వు కాలేయ మందురు. మద్యము ముట్టనివారికిని ఇది వచ్చును. గంటల తరబడి కూర్చుండి పనిచేయుట, నిద్రవేళలు తప్పుట, అవసరమునకు మించిన తిండి తినుట, వీని ఫలితముగా ఇన్సులిన్ పని మందగించును. అప్పుడు శరీరము ఖర్చుచేయని శక్తి క్రొవ్వుగా మారి కాలేయమున నిలువ యుండును. చాలమందికి ఇది ఏ బాధయు కలిగింపదు. కొందరిలో మాత్రము వాపు కలిగి, క్రమముగా కాలేయము గట్టిపడును.

345 మందిని చూచి లెక్కించిన నిష్పత్తిని లక్షలాది ఉద్యోగులందరికిని యథాతథముగా అంటగట్టరాదు. ఎవరిని ఎన్నుకొంటిమి అనుదానిపై నమూనా ఫలితము ఆధారపడును. అయినను అంకె సగమునకు తగ్గినప్పటికిని వ్యాధి వ్యాప్తి అల్పమనుటకు వీలులేదు. నొప్పిలేని ఇట్టి వ్యాధిని ఓ.పి. వైద్యము ఎట్లు ఎదుర్కొనుచున్నది?

పరీక్షల మూట

ఈ ప్రాంతమున తరచుగా కనబడు సమాధానము ‘హెల్త్ చెకప్ ప్యాకేజీ’. ఏడాది కొకసారి ఉద్యోగి పరగడుపున వెళ్లి రక్తమిచ్చును. అరువది, డెబ్బది పరీక్షల ఫలితములు సెల్‌ఫోనునకు వచ్చును. హద్దు దాటిన అంకెలు ఎర్రగా గాని, నల్లని దళసరి అక్షరములతో గాని ఉండును. ఇది శాస్త్రీయముగా కనబడును. కాని ఇందులో గణితశాస్త్రపు చిక్కొకటి కలదు.

ప్రయోగశాలలో ‘సాధారణ పరిమితి’ అనునది చాలవరకు ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది అంకెలు ఇమిడియుండునట్లు నిర్ణయింపబడును. అనగా ఆరోగ్యవంతులలోనే ఐదుగురు ఆ హద్దునకు వెలుపల నుందురు. పరీక్షలు ఒకదానితో నొకటి సంబంధము లేనివని అనుకొందము. ఒక ఆరోగ్యవంతునికి 20 పరీక్షలు చేసినచో అన్నియు హద్దులలోనే ఉండుటకు సంభావ్యత 0.95ను ఇరువది మారులు గుణించగా వచ్చు 0.36 మాత్రమే. అనగా కనీస మొక అంకె ఎర్రబడుటకు నూటికి 64 పాళ్లు అవకాశమున్నది. పరీక్షలు 60 అయినచో ఆ అవకాశము నూటికి 95 అగును. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయదగిన లెక్క యిది. ప్యాకేజీ పెద్దదైనకొలది ఏ జబ్బును లేనివానికి భయము, తిరిగి పరీక్షలు, వ్యర్థవ్యయము పెరుగును. ఎర్రని అంకెలు అనేకమైనప్పుడు నిజముగా పట్టించుకొనవలసిన అంకె వానిలో మరుగుపడును.

2019లో కాక్రేన్ సంస్థవారు ఇట్టి సాధారణ ఆరోగ్య పరీక్షలపై జరిగిన ప్రయోగములను కూర్చి సమీక్షించిరి. ఫలితములు లభ్యమైన 15 ప్రయోగములలో 2,51,891 మంది పాల్గొనిరి. పరీక్షలకు పిలువబడినవారిలోను, పిలువబడనివారిలోను మరణముల సంఖ్య దాదాపు సమానముగానే ఉన్నదని తేలినది. ఈ ప్రయోగములు చాలవరకు పాశ్చాత్య దేశములలో, కొన్ని దశాబ్దముల క్రిందట జరిగినవి. అచట కుటుంబ వైద్యుడు మరియొక సందర్భమున ఆ వ్యాధులనే కనిపెట్టియుండవచ్చును. కావున రక్తపోటు చూపించుకొన నక్కరలేదని దీని కర్థము కాదు. వ్యాధిని కనుగొనుట ఒక పని, దానిని అదుపుచేయుట వేరొక పని అని మాత్రము గ్రహింపవలెను. ప్యాకేజీ మొదటి పని చేసి ఆగిపోవుచున్నది.

అంకెకు అర్థము

కొవ్వు కాలేయమున్న ఉద్యోగి నొకనిని ఊహింతము. వయస్సు 36 ఏండ్లు. రక్తమున ఏ.ఎస్.టి. అను ఎంజైము 40, ఏ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 2,40,000. కాలేయము గట్టిపడినదా అనునది అతని కాందోళన. దీనికి ‘ఫిబ్-4’ అను సులభమైన సూత్ర మున్నది. వయస్సును ఏ.ఎస్.టి.తో గుణించవలెను. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలలో తీసికొని, ఏ.ఎల్.టి. వర్గమూలముతో గుణించవలెను. మొదటి దానిని రెండవదానితో భాగించవలెను. ఇచట 1440ని 1920తో భాగింపగా 0.75 వచ్చినది. 1.3 కంటె తక్కువైనచో ప్రమాదము స్వల్పమని వైద్యులు భావింతురు. ఖరీదైన యంత్రము వెంటనే అవసరములేదు. బరువు తగ్గవలెను, నడవవలెను, కొంతకాలమునకు మరల లెక్క చూడవలెను. శరీరపు బరువులో 7 నుండి 10 శాతము తగ్గినచో కాలేయపు క్రొవ్వే గాక వాపు కూడ చాలమందిలో తగ్గును.

ఈ లెక్కకు కావలసిన అంకెలన్నియు సాధారణముగా ప్యాకేజీలోనే ఉండును. లోపించునది ఆ అంకెలను ఒకచోట చేర్చి, అర్థము చెప్పి, ‘మూడు నెలల తరువాత రండి’ అని తేదీ వ్రాసియిచ్చు మనిషి.

రెండు నిమిషములు, ఐదు నిమిషములు

ఆ మనిషికి తీరిక ఏది? 2017లో ‘బి.ఎం.జె. ఓపెన్’ పత్రికలో 67 దేశముల ప్రాథమిక వైద్యుల సంప్రదింపు కాలమును సమీక్షించిరి. స్వీడనులో రోగి కొకనికి సగటున 22.5 నిమిషములు, భారతదేశమున సుమారు రెండు నిమిషములు, బంగ్లాదేశమున 48 సెకండ్లు అని తేలినది.

రక్తపోటును సరిగా కొలుచుటకు రోగి ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. వీపునకు ఆనిక యుండవలెను, పాదములు నేలపై నుండవలెను, చేయి గుండె మట్టమున నుండవలెను. ఆ సమయమున మాటలాడరాదు. చేతి లావునకు తగిన పట్టీ కట్టవలెను. చిన్న పట్టీ కట్టినచో అంకె ఎక్కువగా చూపును. రెండుమారులు కొలిచి సగటు తీయవలెను. చూడుడు, ఒక్క రక్తపోటు కొలతకే డాక్టరు ఇచ్చు సమయమునకు రెట్టింపునకు మించిన సమయము కావలసియున్నది! డాక్టరు ఒంటరిగా ఈ పని చేయజాలడు. నర్సు కొలువవలెను, డాక్టరు నిర్ణయింపవలెను, మందులిచ్చు ఫార్మసిస్టు ఏది ఎప్పుడు మ్రింగవలెనో చెప్పి, రోగిచేత తిరిగి చెప్పించవలెను. రాని రోగికి మరియొకరు కబురు పంపవలెను. ఓ.పి. వైద్యము జట్టుపని.

ఈ పద్ధతి మన దేశమునకు క్రొత్తది కాదు. 2017లో ‘భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము’ మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. అందలి సూత్రములు సామాన్యమైనవి: అందరు వైద్యులు అనుసరించు ఒకే చికిత్సాక్రమము, నిరంతరముగా దొరకు మందులు, జట్టుపని, రోగి ఇంటికి దగ్గరలో చికిత్స, ఎవరు వచ్చిరో ఎవరు రాలేదో తెలుపు నమోదు. 2022లో ఈ కార్యక్రమమునకు ఐక్యరాజ్యసమితి పురస్కారము లభించినది. 2018లో హైదరాబాదున ఆరంభమైన బస్తీ దవాఖానాలు కూడ ఇట్టి ఆలోచన గలవే. డాక్టరు, నర్సు, ఉచిత మందులు ఇంటికి చేరువలో నుండగా, రక్తపు నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రమునకు పోవును. కాని పగటివేళ మాత్రమే తెరచియుండు వైద్యశాలకు దినకూలీ వచ్చినచో ఆ పూట కూలి పోవును. అద్దాల మేడలో పనిచేయు ఇంజనీరునకు పరీక్ష లెక్కువ, సలహా తక్కువ. ఆ మేడను ఊడ్చువానికి, కాపలా కాయువానికి తీరికయే తక్కువ. మొదటి సందర్శన తరువాత తప్పిపోవుటలో ఇరువురును ఒకటే.

తెగిన గొలుసు

ఈ తప్పిపోవుట ఎంత నష్టకరమో ఒక ఊహా గణనముతో తెలియును. రక్తపోటు గలవారు 100 మంది అనుకొందము. వారిలో నూటికి 80 మందికి కొలత జరిగినది. కొలిచినవారిలో 80 శాతమునకు విషయము అర్థమగునట్లు చెప్పిరి. విన్నవారిలో 80 శాతము మందు మొదలుపెట్టిరి. మొదలుపెట్టినవారిలో 80 శాతము మరల వచ్చిరి. ప్రతి మెట్టును విడిగా చూచినచో మంచి మార్కులే. కాని చివరకు మిగులునది 41 మంది. డాక్టరుకు ఎంత పాండిత్యమున్నను మిగిలిన 59 మందికి అది అక్కరకు రాలేదు.

తప్పు డాక్టర్లదే యనుట న్యాయము కాదు. గది బయట నలుబది మంది వేచియుండగా ఎవరైనను తొందరపడుదురు. ఉద్యోగులును కంపెనీలు మారుదురు, దానితో బీమా మారును, లాబొరేటరీ మారును. పాత కాగితములు ప్లాస్టిక్ సంచిలో మిగిలిపోవును. దేశదేశముల ఆసుపత్రులకు సాఫ్ట్‌వేరు వ్రాయు నగరమున రోగి చరిత్ర ఒక సంచిలో నుండుట విచిత్రము. 2021లో దేశవ్యాప్తముగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ కొరతను తీర్చుటకే ఉద్దేశింపబడినది. అయినను నమోదు తనంతట తాను రోగిని పిలువదు. దానిని చూచి పిలుచువారు ఉండవలెను.

ఒక ఓ.పి. విభాగము మంచిదో కాదో ఎట్లు చెప్పవలెను? ఎంతమంది వచ్చిరి, ఎన్ని పరీక్షలు చేసిరి అను లెక్కలు గోడపై వ్రాసికొనుటకు బాగుండును. అడుగవలసిన ప్రశ్నలు వేరు. గత సంవత్సరము రక్తపోటు ఉన్నదని చెప్పబడినవారిలో ఎందరు తిరిగివచ్చిరి? వారిలో ఎందరికి అదుపులో నున్నది? వ్రాసిన ప్రతి పరీక్ష ఫలితమును ఎవరు చూచిరి? రోగి తన మందు పేరును, ఎందుకు వాడుచున్నదియు చెప్పగలడా? ఈ నాలుగు ప్రశ్నలకు ఖరీదైన యంత్రము అక్కరలేదు, ఒక రిజిస్టరు చాలును. వీనికి జవాబు లేనిచోట ఎంత గొప్ప భవనమున్నను వైద్యము సగమే జరిగినట్లు.

కొలతకు ముందు విశ్రాంతి ఎందుకో ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. మెట్లెక్కి వచ్చిన విద్యార్థులచేత వెంటనే ఒకమారు, ఐదు నిమిషములు మౌనముగా కూర్చున్న తరువాత మరియొకమారు నాడి లెక్కింపించి, రెండు అంకెలను నల్లబల్లపై వ్రాయింపవలెను. ఆ భేదమును కన్నులార చూచిన బాలుడు ఆసుపత్రిలో తన తండ్రి చేతికి పట్టీ చుట్టుచున్నప్పుడు, ‘ఒక ఐదు నిమిషములు కూర్చుండనిండు’ అని వినయముగా అడుగగలడు.