కళ్లు కాదు, కాళ్లు చూడు

ఎదుటివాడి మనసులో ఏముందో పట్టుకోవడానికి మనకున్నవి రెండే ఆధారాలు: ఇదివరకు వాడేం చేశాడు, ఇప్పుడేం చేస్తున్నాడు. రెండూ అరకొరే. ఈ విద్యకు పెనాల్టీ కిక్కును మించిన పరీక్ష లేదు. బంతికీ గోల్ గీతకూ మధ్య 11 మీటర్లు. గట్టిగా తంతే అర సెకను చాలు. బంతి కదిలాక దూకుదామంటే అప్పటికే గోలైపోతుంది.

జర్మనీ వచ్చాక ఆదివారాల్లో ఇక్కడి పిల్లల ఆటలో గోల్‌కీపర్‌గా నిలబడటం నాకు అలవాటైంది. కుడిమూలను గుచ్చిగుచ్చి చూసి ఎడమకు కొట్టే గడుగ్గాయిలున్నారు వాళ్లలో. చూపు బొంకుతుంది, నేలకు ఆనే కాలు బొంకడం కష్టం. ఆ పాదం బంతి పక్కన పడ్డప్పుడు వేళ్లు ఎటు తిరిగితే, నడుము ఎటు మళ్లితే, చాలాసార్లు బంతీ అటే. కబడ్డీలో కూతకొచ్చినవాడి కాళ్లు కనిపెట్టమనేదీ ఇందుకే. చిక్కల్లా, ఆ పాదం ఆనేదాకా ఆగితే చెయ్యి అందదు. ముందే దూకితే అది గుడ్డి ఊహ.

ఆ లోటును పాత లెక్కతో పూడ్చాలని చూసిన సంఘటన 2006 జూన్ 30న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో జరిగింది. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ, అర్జెంటీనా 1-1తో సమంగా నిలిచి, ఆట పెనాల్టీ కిక్కులదాకా వెళ్లింది. జర్మనీ గోల్‌కీపింగ్ కోచ్ ఆండ్రియాస్ కోప్కే హోటల్ కాగితం మీద పెన్సిల్‌తో ఏడుగురు అర్జెంటీనా ఆటగాళ్ల అలవాట్లు రాసి గోల్‌కీపర్ యెన్స్ లేమన్ చేతికిచ్చాడు. లేమన్ దాన్ని సాక్సులో దోపుకున్నాడు. తీరా తన్నిన నలుగురిలో ఆ చీటీకెక్కినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకడైన అయాలా కిక్కును లేమన్ ఆపాడు. ఆఖరున వచ్చిన కాంబియాసో పేరు చీటీలో లేనే లేదు. అయినా లేమన్ చీటీ తీసి తీరిగ్గా చదివి, మళ్లీ దోపుకున్నాడు. ఆ కిక్కూ ఆపాడు. జర్మనీ 4-2తో గెలిచింది.

తర్వాత ఆ చీటీని సేవాకార్యక్రమం కోసం వేలం వేస్తే 10 లక్షల యూరోలు పలికింది. అందరూ చీటీ మహిమ అన్నారు. నాకు మాత్రం అందులో లేని పేరే పాఠం. పాత లెక్క సగం మందికే పనికొచ్చింది, మిగతా ఇద్దరినీ అక్కడికక్కడే చదవాల్సి వచ్చింది. పైగా మనం ఒకణ్ణి చదువుతుంటే వాడూ మనల్ని చదువుతుంటాడు. లేమన్ చేతిలో కాగితం చూసి కాంబియాసో ఏమనుకున్నాడో అతనికే తెలియాలి.

ఆటలో తప్పుడు ఊహకు మూల్యం ఒక గోలు. ఇంట్లో, ఆఫీసులో అయితే ఒక మనిషి. ఎవరికైనా ఉద్దేశం అంటగట్టే ముందు పాత లెక్క చూసుకోండి, తప్పులేదు. తీర్పు మాత్రం ఈసారి వాళ్లు వేసిన అడుగు చూశాకే చెప్పండి.