గోలీ కొట్టేసినందుకు ఐదొందలు

ఈ వారం మా కండక్టరన్నకు బాగా కోపం వచ్చింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆయన తెలిసినవాడే. ఆర్టీసీ నుంచి రిటైరై ఏళ్లు గడిచినా చిల్లర విషయంలో ఇంకా డ్యూటీలోనే ఉన్న మనిషి. రెండు నెలలుగా పొడి దగ్గు వదలడం లేదు. శంకర్‌పల్లి రోడ్డు మీద, మోకిలలో విల్లాల గేట్ల వరసలో కొత్తగా తెరిచిన క్లినిక్‌కు కొడుకు తీసుకెళ్లాడు. ఓపీ ఐదొందలు. డాక్టరమ్మ పావుగంట మాట్లాడింది. ఛాతీ మీద, వీపు మీద స్టెత్ పెట్టి విన్నది. ఆ తర్వాత ఆయన సంచిలోని మందుల పట్టీలన్నీ బల్ల మీద పోయించి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, బీపీకి వాడుతున్న రామిప్రిల్ పట్టీని పక్కన పెట్టేసింది. దాని బదులు ఇంకో రకం బీపీ గోలీ రాసింది. దగ్గుకు మాత్రం ఏమీ రాయలేదు. సిరప్ లేదు, సూది లేదు, ఎక్స్‌రే లేదు.

"ఇదేం డాక్టరీ సారూ? ఐదొందలు తీస్కొని ఉన్న గోలీ కొట్టేసె. టికెట్ కొట్టి, నడుస్కుంట పో అన్నట్టే ఉంది. మా ఊళ్లె అయితే వంద రూపాయలకు సూదేసి, మూడు రోజుల గోలీలు చేతుల పెడ్తరు."

ఆయన కోపం అలా ఉంచి, నాకు ముందు నచ్చింది ఆ క్లినిక్ గుమ్మం పక్కనున్న బోర్డు. కన్సల్టేషన్ ఐదొందలని, వారం లోపు మళ్లీ వస్తే ఫీజు లేదని తెలుగులోనే రాసి ఉంది. నా బోర్డుల గోల మీకు కొత్త కాదు. టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ ధర గోడ మీద ఉంటుంది. కటింగ్ షాపులో గడ్డం రేటు అద్దం పక్కన ఉంటుంది. డాక్టరు ఫీజు మాత్రం పేరు, వయసు రాయించుకున్నాక కౌంటర్లో అమ్మాయి నోటితో చెబితే తెలుస్తుంది. అప్పటికి వెనక్కి తిరిగి పోవడానికి మొహమాటం. నిజానికి 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చిన వృత్తి నియమావళిలోనే డాక్టరు తన ఫీజును బోర్డు మీద స్పష్టంగా పెట్టాలని ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద వచ్చిన నిబంధనలైతే రేట్లు స్థానిక భాషలో కూడా ఉండాలన్నాయి. ఎంత తీసుకోవాలన్నది మాత్రం ఇప్పటికీ డాక్టరు ఇష్టమే.

ఆ ఇష్టం ఎన్ని రకాలుగా ఉంటుందో చూడాలంటే మోకిల, మొయినాబాద్, చేవెళ్ల ఒకసారి చుట్టి రండి. ఒకే జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వందలోపు, అందులోనే సూదీ గోలీలూ. చేవెళ్లలో ఎంబీబీఎస్ దగ్గర రెండు మూడు వందలు. మోకిలలో ఐదొందలు, ఆపైన. ఔటర్ దాటి గచ్చిబౌలి వైపు కార్పొరేట్ ఆస్పత్రికి పోతే వెయ్యికి అటూ ఇటూ. పొద్దున అక్కడ వెయ్యి తీసుకున్న డాక్టరే సాయంత్రం సొంత క్లినిక్‌లో నాలుగొందలకు చూస్తాడు. ప్రైమరీ హెల్త్ సెంటర్ (పీహెచ్‌సీ)లో సున్నా.

ఈ తేడాకు సగం కారణం రోగంతో సంబంధం లేనిది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ మోకిల ప్లాట్లను వేలం వేస్తే గజం లక్షా ఐదు వేల దాకా పలికింది. అలాంటి చోట షటర్ అద్దెకు తీసుకున్న డాక్టరు ఫీజులో మొదటి వాటా ఇంటి ఓనరుదే. రెండో వాటా చదువుది. మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేలైతే, అదే తరగతి గదిలో బీ కేటగిరీ సీటుకు పదకొండు లక్షల పైమాట. బోర్డు మీద ఇద్దరి డిగ్రీ ఒకటే, ఇద్దరి ఇంటి అప్పు ఒకటి కాదు. అలాంటి కాలేజీలకు మొయినాబాద్, చేవెళ్ల దారిలో కొదవలేదు. మెడికల్ కాలేజీ అన్నాక సీట్లను బట్టి రోజూ ఇంతమంది ఓపీ ఉండాలని నిబంధన ఉంది కాబట్టి, కాలేజీ ఆస్పత్రులు ఓపీకి పెద్దగా అడగవు. అక్కడ రోగి వస్తేనే సీటు నిలబడుతుంది.

ఇంతవరకు రాసి, ఫీజుల మీద పరిమితి పెట్టాల్సిందేనని ముగిద్దామనుకున్నాను. కానీ కండక్టరన్న నోట వచ్చిన 'సూది' నన్ను చేవెళ్ల అవతల మా ఊరికి లాక్కుపోయింది.

మా చిన్నప్పుడు ఊరికంతా ఒకే డాక్టర్ సాబ్. ల్యూనా మీద వచ్చేవాడు. డిగ్రీ ఏమిటో ఎవరూ అడగలేదు. మా అరుగు మీద కూర్చుని సంచిలోంచి పెన్సిల్ డబ్బా అంత స్టీలు పెట్టె తీసేవాడు. అందులో గాజు సిరంజీ, రెండు మూడు సూదులు. మా అమ్మ కిరసనాయిలు స్టవ్ వెలిగించి ఇస్తే, పెట్టెలో నీళ్లు పోసి దాని మీద పెట్టేవాడు. నీళ్లు మరిగే కొద్దీ సూదులు పెట్టె గోడలకు తగిలి టకటకలాడేవి. ఆ చప్పుడు వింటేనే పిల్లలం గొడ్ల కొట్టంలోకి పరిగెత్తేవాళ్లం. తర్వాత పట్టకారుతో సూది పట్టుకుని, సీసా రబ్బరు మూతకు గుచ్చి, సిరంజీని వెలుతురుకు ఎత్తి, గాలి బుడగ పోయేదాకా వేలితో కొట్టేవాడు. ఆ నీళ్లు ఎంతసేపు మరిగాయో, ఆ సూది అంతకుముందు ఎవరెవరికి దిగిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మా నాయనమ్మకు రంగు ముఖ్యం. "సాబ్, ఎర్రది ఎయ్యి" అనేది. ఎర్రది బీ12. బీ కాంప్లెక్స్ వేసిన మర్నాడు మూత్రం పచ్చగా వస్తే, మందు ఒంటికి పట్టిందని ఊరంతా చెప్పుకునేది. ఆ రంగు రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌దని సాబ్‌కు తెలుసో తెలియదో గానీ, జనానికి ఏది కావాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు. సూదికి రెండు రూపాయలు. లేనివాళ్లు పంట మీద జొన్నలో, టమాటలో ఇచ్చేవాళ్లు. చూసినందుకు ఫీజు అనే మాటే లేదు.

ఒకసారి నాయనమ్మకు నడుం నొప్పి. సాబ్ నాడి చూసి, కళ్లు చూసి, "అవ్వా, నీకు సూది అక్కర్లేదు. రెండు రోజులు నాటు పనికి పోకు, గట్క తాగి పండుకో" అన్నాడు. నాయనమ్మ మొహం మాడిపోయింది. రూపాయి ఇవ్వలేదు. మర్నాడే పక్కూరికి నడిచిపోయి ఇంకో డాక్టరుతో ఎర్ర సూది వేయించుకుని వచ్చింది. నడుం నొప్పితో నాలుగు మైళ్లు! ఆ తర్వాత మా సాబ్ ఆమెకు సూది అక్కర్లేదని ఎన్నడూ అనలేదు. అడగకముందే స్టవ్ వెలిగించమనేవాడు.

ఆర్‌ఎంపీలను తీసిపారేసే జాతి కాదు నాది. నెల్లూరులో కమ్యూనిస్టు నేత సుందరయ్య గారి సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజా వైద్యశాల పెట్టి, పల్లెల్లో వైద్యం చేసేందుకు యువకులకు శిక్షణ ఇచ్చారు. అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది ఇప్పటికీ వాళ్లే. నేను చెప్పేది వాళ్ల గురించి కాదు, మా నాయనమ్మ గురించి. డాక్టరు మాటకు ఆమె ఇచ్చిన ధర సున్నా. గుచ్చినదానికే పైసలు.

ఆమె పోయింది గానీ ఆ లెక్క పోలేదు. నీరసంగా ఉందని గ్లూకోజ్ ఎక్కించుకునేవాళ్లను చూడండి. అర లీటరు ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అయిదారు చెంచాలు. నోటితో తాగగలిగే మనిషికి అదే చక్కెర ఉప్పు వేసిన నిమ్మరసంలో ఇస్తే పైసలివ్వడు, నరంలోకి ఎక్కిస్తే ఐదొందలిస్తాడు. మనం మాట కొనం కాబట్టి, డాక్టరు తన బతుకు తెరువును వస్తువులో దాచుకుంటాడు. రెండొందల ఫీజు డాక్టరుకు పక్కనే మందుల షాపు, ఆ పక్కనే ల్యాబ్. ల్యాబ్‌కు పంపినందుకు కమిషన్ తీసుకోకూడదని అదే 2002 నియమావళి చెబుతోంది. చెబుతూనే ఉంది.

కండక్టరన్నను కూర్చోబెట్టి ఆ రెండు నెలల లెక్క తీశాను. టికెట్లు కొట్టిన మనిషి కదా, బిల్లులన్నీ దాచాడు. నాలుగు సిరప్‌లు, రెండు విడతల యాంటీబయోటిక్, ఎక్స్‌రే, రక్త పరీక్షలు, ఆవిరి పట్టే మిషను. నాలుగు వేలు దాటింది. మోకిలకు పోకముందు చూసిన డాక్టర్లలో ఎవరి ఫీజూ రెండొందలు మించలేదు. బీపీకి ఏ గోలీ వాడుతున్నావని ఒక్కరూ అడగలేదు. రామిప్రిల్ జాతి గోలీలు కొందరికి పొడి దగ్గు తెస్తాయన్నది డాక్టర్లందరూ చదువుకున్న పాఠమే. అలాగని ఎవరికి వారు మానేసే మందు కాదు, మార్చాల్సింది డాక్టరే. మార్చాక కూడా దగ్గు పోవడానికి వారాలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పిందట. అన్న ఇంకా దగ్గుతూనే ఉన్నాడు, నా మాట నమ్మడం లేదు. బీపీకి ఏ గోలీ అన్న ప్రశ్న అడగడానికి తీరిక కావాలి. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఓపీలో డాక్టరు రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైన, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. రెండు నిమిషాల్లో సిరప్ పేరు రాయొచ్చు గానీ సంచి విప్పించలేరు.

మాటకు ధర కట్టిన దేశం ఉంది. మన పిల్లలున్న అమెరికాలో డాక్టరుతో భేటీకి కోడ్ నంబర్లుంటాయి. పాత రోగిని 20 నుంచి 29 నిమిషాలు చూస్తే 99213, 30 నుంచి 39 అయితే 99214. ఎంతసేపు చూశారు, లేదా నిర్ణయం ఎంత చిక్కైనది అన్నదాన్ని బట్టి 2021 నుంచి బిల్లు వేస్తున్నారు. అక్కడ మందు రాయకపోయినా డాక్టరుకు డబ్బు వస్తుంది. కానీ ఆ బిల్లు ఎంతవుతుందో వెళ్లేముందు చెప్పగలిగేవాడూ కనిపించడు. మెడికేర్ తొంభై డాలర్ల ప్రాంతంలో ఇచ్చే 99213కే ఒక్కో ప్రైవేటు ఇన్సూరెన్స్ ఒక్కో ధర కడుతుంది. డల్లాస్‌లో ఉన్న మా బంధువుల అమ్మాయి గొంతు నొప్పికి డాక్టరు దగ్గరకు పోకుండా, మోకిలలోని తండ్రికి ఫోన్ చేసి అడుగుతుంది. ఆయన సివిల్ ఇంజినీరు.

కడపలో పది రూపాయలకు చూసే డాక్టర్ నూరి పర్వీన్ గురించి చదివినప్పుడల్లా అందరూ ఇలా ఉంటే బాగుండుననుకుంటాం. ఆమెకు దండం. కానీ ఒక మనిషి మంచితనం మీద నిలబడిన ధర ఆ క్లినిక్ గడప దాటదు.

మరి ఐదొందలు లేనివాళ్ల సంగతి? ఇక్కడ సర్కారు కూడా మా నాయనమ్మే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్‌కు ఇస్తుంది, ఇవ్వాల్సిందే. ఆ గుండె దాకా రాకుండా బీపీ చూసి నాలుగు మాటలు చెప్పే ప్రైవేటు ఓపీకి మాత్రం ఇవ్వదు. జనానికి సూది కనిపించాలి, సర్కారుకు కత్తి కనిపించాలి.

ఏది రాసినా, ఏదీ రాయకపోయినా ఒకే జీతం వచ్చే డాక్టరు మనకు ఉన్నాడు, పీహెచ్‌సీలో. ఆ కలానికి అద్దె లేదు, కమిషన్ లేదు. కానీ ఓపీ సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. మొయినాబాద్ పూల తోటల్లో కూలికి పోయే ఆమెకు ఆ సున్నా రూపాయల ఓపీ ఖరీదు ఒక రోజు కూలి. రాత్రి ఏడింటికి ఆర్‌ఎంపీకి ఇచ్చే వంద అంతకంటే చవక. ఆమె లెక్క తప్పు కాదు.

కాబట్టి ఫీజులకు పరిమితి పెట్టాలని ఎవరైనా ధర్నాకు పిలిస్తే నేను రాను. ఐదొందలు బోర్డు మీద రాసి, సంచి విప్పి చూసే డాక్టరు మీద నాకు ఫిర్యాదు లేదు. పీహెచ్‌సీలో డాక్టరు రాత్రి ఎనిమిది దాకా కూర్చోవాలని ఎవరైనా పిలవండి, జెండా నేనే మోస్తాను.