చెయ్యి పట్టకుండా చూసే నేర్పు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయుల అసలు నేర్పు ఓపికగా గమనించడంలో ఉంది. చోడి అంబలి గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లాలని చెప్పగలగడం వంటి రోజువారీ పనులే ఇక్కడ కొలత. తల్లి చెయ్యి సాయానికి ముందుకొస్తుంది. ఆమెను నొప్పించకుండా దాన్ని ఆపి, బిడ్డకు వ్యవధి ఇవ్వడం ఎంతో కష్టమైన పని.

సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన పట్టికలో చేశాడు, చేయలేదు అంటే చాలదు. తానుగా చేశాడా, మాటతో చెబితే చేశాడా, చెయ్యి పట్టి చేయిస్తేనా అని మెట్లు రాస్తారు. అమెరికాలో పుట్టిన వీఫిమ్ అనే పిల్లల పనితీరు కొలమానంలో 18 పనులకు 1 నుంచి 7 దాకా అంకెలు వేస్తారు. మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డ ఉదయం చేసిన పని అలసటతో సాయంత్రం చేయలేకపోవచ్చు. అందుకే మంచి ఉపాధ్యాయులు ఒక్కసారి చూసి అంకె వేయరు.