‘ఊరక’ నుండి ‘ఊకె’: ఒక క్రియావిశేషణపు అర్థపరిణామము

సిరిసిల్ల, ఎల్లారెడ్డిపేట ప్రాంతముల వ్యవహారమందలి ‘ఊకె’ను అపభ్రంశమని త్రోసివేయువారు కలరు. ఆ తీర్పు మాకు సమ్మతము కాదు.

దీనికి మూలము ‘ఊరక’. ఊరకుండుట యనగా మిన్నకుండుట. ఊరక చేయుట యనగా నిష్కారణముగ చేయుట. ఊరకే, ఊర్కె, ఊకె అని నడుమ అచ్చు జారి, పిదప రేఫము లోపించినది. ‘ఊకో’ యన్నచో నేటికిని ‘మాటాడకుము’ అనియే అర్థము. కాని ‘ఊకె అడుగుతడు’ అన్నచో మాటిమాటికి అడుగునని భావము. మౌనవాచకము ఎడతెగమిని చెప్పుటెట్లు? కారణములేని పని విసుగు పుట్టించును. విసిగినవాడు దాని నెన్నిమారులని లెక్కింపసాగును. నిష్కారణత్వమునకును పౌనఃపున్యమునకును నడిమి మెట్టు ఈ విసుగే యని మా యూహ. ‘ఊకె నవ్వుతది’ అన్నను అందు కొంత మందలింపు వినబడును గదా!

ఇంగ్లీషున ‘స్టిల్’ తొలుత నిశ్చలతను చెప్పినది. షేక్స్పియరు (1564–1616) దానిని ‘ఎల్లప్పుడు’ అను నర్థమునను వాడెను. నేడది ‘ఇంకను’, ‘అయినను’ అగును. ఫలితము పోలినను త్రోవ వేరు: కదలనిది మారదు, మారనిది ఎల్లప్పుడు నుండును. అందు విసుగునకు చోటు లేదు. రెంటిని ఒకే సూత్రమున బంధించుట తొందరపాటు.

ఇక ‘ఊకె’ను ‘ఊరక’యని దిద్దితిమా, మాటిమాటికి అడుగువాడు కారణములేక అడుగువాడగును.