కోడు రాని కొట్టు యజమాని కోసం

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఓ కుటుంబానికి వెబ్‌సైటు కావాలనుకుందాం. కొనేవాళ్లు అడిగేవి అందరికీ తెలిసినవే. బెల్లంతో చేసినవా, పంచదారతోనా? డబ్బాలో ఎన్ని ఉంటాయి? ఎన్నాళ్లు నిలవుంటాయి? హైదరాబాదుకు కొరియర్ చేస్తారా? కోడు రాయకుండా సైటు కట్టుకోవచ్చని చెప్పే పరికరాలు చాలావరకు వీటి జోలికే పోవు. ఏ టెంప్లేట్ కావాలి, ఏ రంగు, ఏ ఫాంటు, పైన పెట్టే పెద్ద ఫొటో ఏది అని మొదలుపెడతాయి. పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి ఫోను పట్టుకున్న మనిషి అక్కడే ఆగిపోతుంది.

అలాంటి పరికరం తయారుచేయడంలో కష్టమైన భాగం దుకాణదారును ఏం అడగాలి, ఏం అడగకుండా మనమే చూసుకోవాలి అన్నది తేల్చుకోవడం. ధర, బరువు, వేళలు, ఫోన్ నంబరు అతనికే తెలుసు, అవి అడగాల్సిందే. ఫొటో ఏ సైజులో ఉండాలన్నది అతని తలనొప్పి కాకూడదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో వయావెబ్ బృందం ఉంది. 1995లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో పాల్ గ్రాహం, రాబర్ట్ మోరిస్ దాన్ని మొదలుపెట్టారు. ట్రెవర్ బ్లాక్‌వెల్ తర్వాత చేరాడు. దానికంటే ముందు గ్రాహం, మోరిస్ ఆర్ట్ గ్యాలరీలను ఇంటర్నెట్‌లోకి తేవాలని చూశారు గానీ, గ్యాలరీల వాళ్లకు ఆ అవసరమే కనిపించలేదు. దాంతో దుకాణాల వైపు తిరిగారు. ప్రోగ్రాం తమ సర్వర్‌లోనే నడుస్తుంది, వ్యాపారి బ్రౌజర్‌లో లింకులు నొక్కుతూ దుకాణం కట్టుకుంటాడు. సాఫ్ట్‌వేర్ అంటే డిస్కు కొని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడమే అనుకునే రోజుల్లో అది కొత్త ఆలోచన.

అయినా వ్యాపారులు పరిగెత్తుకు రాలేదు. అప్పుడు వాళ్లే కూర్చుని వ్యాపారుల తరఫున దుకాణాలు కట్టిపెట్టారు. సూట్‌కేసులు, పెన్నులు, మగవాళ్ల చొక్కాలు అమ్మే పేజీలవి. పని మధ్యలో ఏదైనా సదుపాయం లేదని తెలిస్తే, రెండు మూడు గంటలు పట్టి దాన్ని రాసేసి, మళ్లీ ఆ దుకాణం పనే అందుకునేవాణ్నని గ్రాహం తర్వాత చెప్పుకున్నాడు. చిన్న దుకాణానికి నెలకు 100 డాలర్లు, పెద్దదానికి 300. 1996 చివరికి కుదిరిన దుకాణాలు సుమారు 70, మరుసటి ఏడాది చివరికి 500. 1998లో యాహూ ఆ కంపెనీని కొని యాహూ స్టోర్‌గా మార్చింది. జనం ఆ అమ్మకం గురించే మాట్లాడుకుంటారు. 70 దుకాణాల దగ్గరున్న ఏడాదికే ఎక్కువ విలువ ఇవ్వాలి. చొక్కాల వ్యాపారి ఎక్కడ తడబడతాడో వాళ్ల వేళ్లకు తెలిసింది అప్పుడే.

తర్వాత ఇలాంటి పరికరాలే స్క్వేర్‌స్పేస్, వీబ్లీ, విక్స్ వచ్చాయి. ఫ్లాష్ మీద మొదలైన విక్స్, ఐఫోన్ ఫ్లాష్‌ను రానివ్వకపోవడంతో, 2012లో హెచ్‌టీఎంఎల్5కి మారాల్సివచ్చింది.

తెలుగు దుకాణానికి ఇంకో చిక్కుంది, దీని మీద శ్రద్ధ పెట్టేవాళ్లు తక్కువ. టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల కొలతలకు కుట్టినవి. వరుసల మధ్య ఎడం చాలకపోతే కింది ఒత్తులు తెగిపోతాయి, లేదా కింది వరుసలోని గుడులకు తగులుతాయి. అందం కోసం అక్షరాలను దూరం జరిపే టెంప్లేట్‌లో తెలుగు మాట ముక్కలైనట్టు కనిపిస్తుంది. ఇంగ్లీషులో చిన్న మాటకు సరిపోయే బటన్‌లో ‘బుట్టలో వేయండి’ పట్టదు. ఫాంట్లకు కొరత లేదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మల్లన్న, రామభద్ర, మండలి, సురవరం వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ ఒక్కో ఫాంటుకు ఎత్తు ఒక్కోలా ఉంటుంది. ఆ ఎడాన్ని పరికరమే సరిచేయాలి, దుకాణదారు చేత సరిచేయించకూడదు. ఇది సరిగ్గా లేకే చాలామంది ధరల పట్టికను బొమ్మగా చేయించి పెట్టేస్తారు. బొమ్మలోని నంబరును నొక్కితే ఫోన్ కలవదు. చూపు లేనివాళ్ల ఫోను ఆ ధరల్ని చదివి వినిపించడమూ కష్టమే.

అన్నీ కుదిరాక కూడా ఆ సైటు ఎవరిది అన్న ప్రశ్న మిగులుతుంది. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్ ఉన్న చిన్న వ్యాపారులకు ఉచితంగా ఒక పేజీ సైటు ఇచ్చేది. 2024 మార్చిలో ఆ సైట్లు మూసేసింది. కొన్నాళ్లు పాత చిరునామాకు వచ్చినవాళ్లను ప్రొఫైల్‌కు మళ్లించి, జూన్‌లో అదీ ఆపింది. ఆ చిరునామాను డబ్బాల మీద అచ్చు వేయించుకున్నవాళ్లకు ఆ అచ్చు వృథా. 1994లో మొదలైన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసినప్పుడు లక్షల సొంత పేజీలు అలాగే పోయాయి.

కాబట్టి సైటు చిరునామా పేరును, అంటే డొమైన్‌ను, పరికరం చేసిన కంపెనీ పేరు మీద కాక, దుకాణదారు పేరు మీదే నమోదు చేయాలి. సరుకుల జాబితా, ధరలు, ఫొటోలు ఎప్పుడు కావాలన్నా ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా, ఒక ఫోల్డరుగా బయటికి రావాలి. ఈ రెండూ డెమోలో మెరవవు, అమ్మకాల వాళ్లు అడగరు. అయినా కొత్త టెంప్లేట్ గీయడం కంటే ముందు చేయాల్సిన పనులివి. డొమైన్ గడువు సంగతీ ఇందులోదే. ఏటా కట్టేదైతే ఏటా తీరిపోతుంది, మర్చిపోతే ఆ పేరు ఇంకొకరు తీసుకోవచ్చు. గుర్తుచేసే సందేశం ఎప్పుడూ తెరవని మెయిల్‌కు ఇంగ్లీషులో వెళ్తే చాలదు. దుకాణదారు రోజూ చూసే వాట్సాప్‌కు, తెలుగులో, ఎంత కట్టాలో ఎక్కడ కట్టాలో రాసి, నెల ముందే వెళ్లాలి.