మట్టి చల్లే డబ్బా

అమెరికాలో ఉన్న మేనకోడలి పోరు పడలేక ఈ వారం ఓ పాత సీరియల్ మొదలుపెట్టాను. ‘సిక్స్ ఫీట్ అండర్’. 2001లో హెచ్‌బీవోలో వచ్చింది. సృష్టికర్త ‘అమెరికన్ బ్యూటీ’ రాసి ఆస్కార్ అందుకున్న అలన్ బాల్. లాస్ ఏంజెలిస్‌లో ఫిషర్ల ఇల్లు: పైన కాపురం, కింద శవాలకు ముస్తాబు. మొదటి ఎపిసోడ్‌లోనే ఇంటిపెద్ద కొత్త శవవాహనం నడుపుతూ, సిగరెట్ ధ్యాసలో పడి, బస్సు గుద్ది పోతాడు. ఆ వార్త విన్న భార్య ముఖాన్ని మన సీరియళ్లలోలా ఉరుముల మోతతో మూడుసార్లు చూపించలేదు.

సమాధి దగ్గర మట్టి చల్లడానికి ఉప్పుడబ్బాలాంటిది అందిస్తారు. చేతికి మట్టి అంటకూడదు మరి! పెద్దకొడుకు నేట్ దాన్ని కాదని, పిడికెడు మట్టి తీసి విసురుతాడు. సిసిలీలో ఆడవాళ్లు శవపేటిక మీద పడి ఏడవడం చూశానంటాడు. శభాష్ అనుకున్నా. శవానికి రసాయనాలెక్కించే పద్ధతి అమెరికాలో 1861-65 అంతర్యుద్ధంలో పాకింది, సైనికుల్ని దూరాన ఉన్న ఇళ్లకు చేర్చడానికి. యుద్ధం ముగిసినా వ్యాపారం మిగిలింది. మనమో, దింపుడు కళ్లం దగ్గర చెవిలో పేరు పెట్టి పిలుస్తాం, లేస్తాడేమోనని.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరింట్లో ఎవరు పోయినా కబురు లేకుండానే వచ్చేవాడు. కళ్లు మూసి, దవడ కిందనుంచి నడినెత్తికి గుడ్డపేలిక కట్టి, కాళ్ల బొటనవేళ్లు జతచేసి ముడేసేవాడు. ఆలస్యమైతే శవం కొయ్యబారి నోరు తెరుచుకునే ఉండిపోతుంది. ఆ తర్వాత వెదురుబొంగులు, కొబ్బరాకులు, కొత్తకుండ పురమాయింపు. ఏడ్చేవాళ్లను కసిరి పక్కకు జరిపేవాడు. ‘రాతిగుండె మనిషి’ అనేది మా అమ్మ. నాన్న పోయిన రాత్రి ముందు ఆయన్నే పిలవమంది.

సీరియల్లో చిన్నకొడుకు డేవిడ్‌ని చూస్తే ఆ పెద్దాయనే. అన్న సియాటిల్‌లో తనదారి తాను చూసుకుంటే, తండ్రి దగ్గరుండి పని నేర్చుకున్నది ఇతను. నల్లకోటు, చెదరని ముఖం. సీరియల్ అతన్ని బిగుసుకుపోయినవాడిగా చూపి, చప్పట్లు నేట్‌కి కొట్టమంటుంది. నేను కొట్టను. పండక్కి ఊడిపడి మట్టి విసరడం తేలిక. తండ్రి అంత్యక్రియల నాడు కూడా వచ్చినవాళ్లను పలకరించి కూర్చోబెట్టేవాడు ఒకడుండాలి. ఛిద్రమైన ముఖాన్ని మళ్లీ ఇంటివాళ్లు గుర్తుపట్టేలా చేసే, వాళ్ల దగ్గర పనివాడు ఫెడెరికో పనినీ ఇక ఉత్త వ్యాపారం అనలేను. ఆ ఉప్పుడబ్బాని మాత్రం క్షమించను.

మొత్తం 63 ఎపిసోడ్లు. చివరిది చూస్తే లేవలేవంటూ మేనకోడలు ఊరిస్తోంది. అందులో ఏమవుతుందో ముందే చెప్పేసేవాళ్లతో నాకు మాటల్లేవు.